మూడు మిల్లీమీటర్లు

పదహారు కాగితాలు.
పర్లాకిమిడి బస్టాండు వెనక, పాత్రో జిరాక్సు కొట్లో
ఒక్కోటీ వేడివేడిగా జారి పడుతుంటే
అప్పడాల్లా ఎత్తి చంకలో పెట్టుకున్నాను.
ఇంటికొచ్చి నేల మీద పరిచి, అంచుకి అంచు కలిపి
మైదా జిగురుతో అతికిస్తే
సన్న నడుము గిటారొకటి వెల్లకిలా పడుకుంది
ఏడాది పిల్లంత.

నేను మంచాలు చేశాను, తలుపులు చేశాను.
చర్చికి బల్లలు చేస్తే
ఆ బల్ల మీంచే లేచొచ్చి రాహేలు రయితా అడిగింది:
"పెద్ద గిటారు నా చేతికి లొంగదు మేస్త్రీ,
చిన్నది చెయ్యగలవా?"
గుమ్మ కొండల గుంట. చిక్కుడుకాయలంత వేళ్ళు.
తెలుగు నాకోసం, ఒడియా కండక్టరు కోసం,
సవర మాట పాటకోసం దాచుకునే మనిషి.
చేస్తానన్నాను.
నోరు జారినా ఉలి జారినా ఒకటే, గాటు పడిపోతుంది.

వీపుకీ పక్కలకీ పనస.
ముఖానికి దేవదారు కావాలట, ఇక్కడెక్కడిది?
రైసుమిల్లుకి మోటారు మోసుకొచ్చిన పెట్టె చెక్క ఉంది,
మీద 'ఇటు పైకి' అని బాణం గుర్తుతో.
చిత్రిక పట్టాను. బాణం పోయింది.
వేలితో కొట్టాను, మూగ.
గీశాను. కొట్టాను. ఇంకా గీశాను.
ఎక్కడ ఆపాలో ప్లానులో అంకె ఉంది,
ఆపింది మాత్రం చెవి.

పాత స్కూటరు సైలెన్సరు గొట్టంలో నిప్పులు పోసి
నానిన పనస పట్టీని దాని మీద వంచాను.
మొదటిది ఫట్టుమంది. రెండోదీ అంతే.
"ఏటి మాడిపోతంది?" అని వంటింట్లోంచి మా ఆవిడ.
మూడోదాన్ని నేను వంచలేదు,
అదే వంగేదాకా నించున్నాను.

వజ్రం ఉడికించి, సైకిలు ట్యూబు పేలికలతో బిగించి
వారం రోజులు ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.
కొమ్ముతో కొంగలూ రొయ్యలూ చేసే బృందావన్ మహారాణా
రొయ్య మీసం తియ్యగా మిగిలిన ముక్క ఇచ్చాడు.
ఆరు గాట్లు పెడితే అదే తీగలకి గడప.
డబ్బు తీసుకోలేదు.
"బాజిలే డాకిబ" అన్నాడు, మోగితే పిలు అని.

తీగలు ఎక్కించే రాత్రి చూశాను
పదహారో కాగితం మూల, చీమంత అక్షరాలు:
ఈ గీత సరిగ్గా పది సెంటీమీటర్లు ఉండాలి.
స్కేలు పెట్టాను.
తొమ్మిదీ, ఏడు గీతలు.
మళ్ళీ పెట్టాను. స్కేలు మార్చి పెట్టాను.
పదికి మూడు మిల్లీమీటర్లు.
తీగ పొడుగంతటికీ ముప్పాతిక అంగుళం.

"కాగితంలో పట్టాలని మిషనే తగ్గించీసింది,
నానేటి సేత్తాను?" అన్నాడు పాత్రో, ఫోనులో, నిద్దట్లో.

దిగ్గొట్టిన ఇరవై మెట్లూ
రాత్రంతా నా వీపులో గుచ్చుకున్నాయి.

మొదటి బస్సుకే దిగింది రాహేలు.
నేను చెప్పబోయేలోగా ఒళ్ళోకి తీసుకుంది,
మరలు తిప్పింది, చెవి ఆనించింది.
మీటింది.
మెట్టు మెట్టుకీ ఆగి మీటింది.
ఎక్కడా తప్పు లేదు.

నడుమూ తగ్గింది, మెడా తగ్గింది,
మెట్టుకీ మెట్టుకీ మధ్య సందూ తగ్గింది.
ఏ ఒక్కటి తగ్గినా అపశ్రుతే.
అన్నీ ఒకే పాలున తగ్గితే
తీగకి ఆ సంగతే తెలీదు.
ఆమె చిటికెన వేలు
తడుముకోకుండా వెళ్ళి తన చోట కూర్చుంది.
ఏదో పాడింది, సవరలో.
అర్థం అడగలేదు నేను.

మొన్న నువాగడ నుంచి ఇంకో కుర్రాడొచ్చాడు,
అలాంటిదే కావాలని.
పాత్రో గొప్పగా చెప్పాడు:
"సెట్టింగు మార్చీసినాను, ఇప్పుడు కొలత కరెక్టు."
వద్దురా నాయనా,
పాత తప్పే ఇంకోసారి తియ్యి, అన్నాను.
మూత ఎత్తినవాడు ఎత్తినట్టే నాకేసి చూశాడు.

ఇక కొమ్ము ముక్కకి వెళ్ళాలి.
మోగినప్పుడు పిలవనందుకు
ముందు తిట్లు తినాలి.